కొత్తగా కాలేజీలో లెక్చరర్‌గా చేరిన బిడ్డకు

బిడ్డా,

మొదటి ఇంటర్నల్ పరీక్షలోనే చిట్టీలు దొరికాయని, రెండు జవాబు పత్రాలు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయని చెబుతుంటే ఫోన్‌లో నీ గొంతు వణికింది. "వీళ్ళను ఎట్లా పట్టుకోవాలి పెద్దనాయినా" అని అడిగావు. నోటికొచ్చిన జవాబు ఫోన్‌లో చెప్పడం ఇష్టంలేక రాస్తున్నాను. పట్టుకోవడం గురించీ చెప్తాను గానీ, దానికన్నా ముందు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఈ ఊళ్ళో పాఠాలు చెప్పిన వాడిగా నాకు అర్థమైంది ఒక్కటే: పంతులు చదవడని తెలిసిన చోటే చూచిరాత పుడుతుంది. మిగతా కారణాలన్నీ దాని తర్వాతే.

ముందు నీ క్లాసులో ఎవరు కూర్చున్నారో చూడు. సాఖర్ పేట, అశోక్ చౌక్, దత్తనగర్, కుంభారీ దగ్గరి విడీ ఘర్కుల్ నుంచి వచ్చిన మన పద్మశాలి పిల్లలు నీ బెంచీల మీద సగం మంది ఉంటారు. వాళ్ళ తాత ముత్తాతలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి మగ్గాన్ని నమ్ముకొని ఈ సోలాపూర్‌కు వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో మరాఠీ. పన్నెండో తరగతి దాకా మరాఠీలో చదివి, బీకాంలో ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకం ముందు పడతారు. సాయంత్రం ఇంటికి పోయిన ఆడపిల్ల అమ్మ పక్కన కూర్చొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టాలి, రేపు కార్ఖానాలో లెక్క అప్పజెప్పాలి. మగపిల్లల్లో కొందరు రాత్రిపాళీలో పవర్‌లూమ్ దగ్గర నిలబడి పొద్దున నీ క్లాసుకు వస్తారు. వీళ్ళకు నువ్వు "వ్యయ గణనం ప్రాముఖ్యత" మీద ఇంగ్లీషులో పది పేజీలు రాసుకు రమ్మంటే ఏం చేస్తారు? ఒకడు రాసింది నలుగురు దించుతారు.

ఇంకో సంగతి. ఒకటో తరగతి నుంచి మనం ఈ పిల్లలకు నేర్పిందేమిటి? గైడులో ఉన్నది ఉన్నట్టు రాయమని. సొంతమాట కలిపితే మార్కులు పోతాయని. గైడు వాక్యాన్ని బట్టీపట్టి దింపినవాడికి బడిలో చప్పట్లు కొట్టించాం. అదే వాక్యాన్ని జేబులో పెట్టుకొచ్చి దింపినవాణ్ణి కాలేజీలో దొంగ అంటున్నాం. రెండుచోట్లా రాసింది ఇంకొకరి వాక్యమే. ఇందులో తప్పెక్కడ మొదలైందో ఆ పిల్లవాడికి నిజంగానే తెలియదు. తెలియజెప్పిన పంతులు వాడికి ఇంతవరకు దొరకలేదు. నువ్వు చెప్పు. సెమిస్టర్ మొదటివారంలోనే, సిలబస్ తెరవకముందే చెప్పు. ఒకరి మాటను వాడుకోవచ్చు, ఎవరి మాటో చెప్పి వాడుకోవాలి. చదివింది మూసిపెట్టి, మనకు అర్థమైనంత మన మాటల్లో రాయాలి. గణాంకం ఎక్కడిదో రాయాలి. ఈ మూడు పనులూ చెప్పి వదిలేయకుండా బోర్డు మీద చేసి చూపించు. ఒక పేరా తీసుకొని ముందు తెలుగులోనో మరాఠీలోనో చెప్పించు, తర్వాత వచ్చినంత ఇంగ్లీషులో రాయించు. వ్యాకరణం తప్పులుంటే ఉండనీ. తప్పుల ఇంగ్లీషుకు మార్కులు కోసేస్తావని తెలిస్తే పిల్ల తన వాక్యం ఎందుకు రాస్తుంది? మచ్చలేని అరువు వాక్యమే తెచ్చిస్తుంది.

అరువు సొమ్ము ఎందుకు తప్పో మన పిల్లలకు వేరే ఉదాహరణ అక్కర్లేదు. సోలాపూర్ చద్దరుకు, టెర్రీ టవల్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది కదా. 1999 చట్టం కింద దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి వస్తువుల్లో మన చద్దరు ఒకటి. అయినా ఎక్కడో నేసిన పలచటి దుప్పటికి సోలాపూర్ చీటీ కుట్టి అమ్ముతూనే ఉన్నారు. జకార్డు మీద డిజైన్ ఎక్కించాలంటే ముందు గ్రాఫ్ కాగితం మీద గడిగడీ నింపాలి, ఆ లెక్కన అట్టలకు రంధ్రాలు కొట్టాలి, వాటిని వరసగా కుట్టాలి. అప్పుడు గానీ నెమలి చద్దరు మీదికి రాదు. అంత పనిచేసిన వాడి పేరు మీద ఇంకెవరో సొమ్ము చేసుకుంటుంటే ఈ పేటలో ఎవరికి కడుపు మండలేదు? ఆ మంట పిల్లలకు తెలుసు, వాళ్ళ ఇళ్ళలోనే విన్నారు. ఇంకొకరి ప్రాజెక్టుకు తమ పేరు అతికించడం కూడా ఆ చీటీ కుట్టడమేనని ఒక్కసారి విడమరచి చెప్తే చాలు, ఇట్టే పట్టుకుంటారు.

ఇక అసలు రోగం దగ్గరికి వస్తాను.

ఇంజనీరింగ్ చదివే మన పిల్లలను అడుగు, "జీటీ" అంటే ఏమిటో చెప్తారు. గ్లాస్ ట్రేసింగ్. గదిలో రెండు కుర్చీల మధ్య ఒక అద్దం పలక పెడతారు, కింద బల్బు వెలిగిస్తారు. ఎవరో గీసిన డ్రాయింగ్ షీటును అద్దం మీద పరచి, దానిపైన తెల్ల షీటు వేసి, కిందినుంచి కనబడే గీతల వెంట పెన్సిలు నడుపుతారు. మెడలు పట్టేసేదాకా, తెల్లవారేదాకా గీస్తారు. మొదటి షీటులో ఒక కొలత తప్పుపడితే ఆ తప్పుతో సహా క్లాసంతా గీస్తుంది. ఇంత కష్టపడే వాళ్ళను సోమరులనడానికి నాకు నోరు రాదు. మరి ఆ కష్టమేదో సొంతంగా గీయడానికే ఎందుకు పెట్టరు? ఎందుకంటే ఆ షీటు మీద సంతకం పడుతుందే గానీ దాన్ని ఎవరూ చూడరని వాళ్ళకు తెలుసు. చూసి గీసిన షీటుకూ సొంత షీటుకూ అదే సంతకం, అవే మార్కులు. సబ్మిషన్ వారం వస్తే స్టాఫ్‌రూమ్ బల్లల మీద జర్నళ్ళు గుట్టలుపడతాయి. తేదీ కూడా చూడకుండా వరసగా సంతకాలు పెట్టుకుంటూ పోయే చేతులను నేను కళ్ళారా చూశాను. ఆ సంతకమే పిల్లలకు మనం నేర్పే అసలు పాఠం. పంతులే పనిలేని పనిగా చూసిన రాతను పిల్లవాడు భక్తిగా రాయాలని ఎట్లా కోరుకుంటాం?

కాబట్టి బిడ్డా, నువ్వు చదవనిది రాయించకు. సెమిస్టర్‌కు ఐదు అసైన్‌మెంట్లు ఇవ్వాలని ఆనవాయితీ ఉంటే మీ విభాగం పెద్దతో మాట్లాడి రెండుకు తగ్గించు. పది పేజీలను రెండు పేజీలు చెయ్యి. ఆ రెండు పేజీలు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువు. మార్జిన్‌లో ఏదో ఒకటి రాయి, "ఈ లెక్క ఎక్కడిది?" అనో "ఈ మాట బాగుంది" అనో. తన రాతను ఒకరు చదివారని తెలిసిన పిల్ల మరుసటిసారి దించడానికి సిగ్గుపడుతుంది. నా అనుభవంలో దీనికి మించిన మందు లేదు.

తేదీలు కూడా చూసుకొని పెట్టు. రాఖీ పున్నమినాడు మార్కండేయుడి రథోత్సవం, పేటంతా వీధిలోనే ఉంటుంది. సంక్రాంతికి సిద్ధేశ్వరుని గడ్డా యాత్ర. ఆ మర్నాటికి అసైన్‌మెంట్ పెట్టి, అందరూ చూసిరాశారని బాధపడితే ఏం లాభం? నాలుగు సబ్జెక్టుల గడువులు ఒకే సోమవారం మీద పడకుండా తోటి లెక్చరర్లతో కూర్చొని పంచుకోండి. ఇది చిన్నవిషయంగా కనిపిస్తుంది, కానీ చూచిరాతల్లో చాలావరకు గడువు ముందురాత్రి పుట్టినవే.

ప్రశ్న ఎట్లా వేయాలన్నది ఇంకా ముఖ్యం. "వ్యయ గణనం ప్రాముఖ్యతను వివరించుము" అన్న ప్రశ్నకు జవాబు ప్రతి గైడులో ఉంది, ప్రతి ఫోనులో ఉంది. దానికి బదులు ఇట్లా అడుగు: మీ వీధిలో ఒక పవర్‌లూమ్ కార్ఖానాకు పోండి. ఒక చద్దరుకు నూలు ఎంత పడుతుంది, రంగుకెంత, కరెంటు బిల్లులో దాని వాటా ఎంత, కండెలు చుట్టినావిడకు ఎంత ముడుతుంది, అమ్మకం ధరలో షావుకారుకు మిగిలేదెంత, రాసుకురండి. ఇంకొకరికి ఇంకో ప్రశ్న: మీ అమ్మ వెయ్యి బీడీలు చుట్టడానికి కార్ఖానా ఇచ్చిన ఆకు సరిపోయిందా, తక్కువపడితే సొంతడబ్బుతో ఎంత కొన్నది, ఏరివేతలో పోయినవెన్ని, చివరికి చేతికొచ్చింది ఎంత? ఈ లెక్క ఏ గైడులోనూ లేదు. వాళ్ళమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. పిల్ల తెలుగులో అడిగి తెలుసుకొని ఇంగ్లీషులో పట్టిక వేస్తుంది. చరిత్ర చెప్పే నీ స్నేహితురాలికీ ఇదే చెప్పు. 1930 మే నెలలో ఈ ఊరి మీద బ్రిటిష్‌వాళ్ళు మార్షల్ లా పెట్టారు. మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ షిందే, శ్రీకిషన్ సార్డాలను 1931 జనవరి 12న ఉరితీశారు. ఆ నలుగురి పేరున ఊళ్ళో చౌకు ఉంది, దానిమీదుగానే పిల్లలు కాలేజీకి వస్తారు. మీ ఇంట్లో పెద్దలు ఆ రోజుల గురించి ఏం చెప్పుకున్నారో అడిగి రాసుకురమ్మంటే ఎవరి కాగితం వారిదే అవుతుంది.

రాసుకొచ్చాక ప్రతి ఒక్కరినీ రెండు నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకో. "ఈ అంకె ఎట్లా వచ్చింది?" అని అడుగు. తెలుగు పిల్ల అయితే తెలుగులో, మరాఠీ పిల్లవాడైతే మరాఠీలో. సొంతంగా చేసినవాళ్ళకు ఆ రెండు నిమిషాలు సరిపోవు, ఇంకా చెప్తామంటారు. దించినవాళ్ళు మొదటి ప్రశ్నకే తల దించుకుంటారు. నువ్వు తిట్టనక్కర్లేదు, మళ్ళీ చేసుకురమ్మను, అంతే.

ఇప్పుడు చాట్‌జీపీటీ సంగతి. 2022 నవంబరు చివర అది వచ్చినప్పటినుంచి పంతుళ్ళందరికీ ఇదే బెంగ. మీ కాలేజీవాళ్ళు యంత్రం రాసిందో మనిషి రాసిందో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి కొంటున్నారని అన్నావు. దాని మాట మీద ఎవరికీ శిక్ష వేయకు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే అట్లాంటి సాధనం ఒకటి పెట్టి, సరిగ్గా చెప్పలేకపోతోందని 2023 జులైలో దాన్ని తీసేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఈ సాధనాలను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్ పరీక్షకు స్వయంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవేనని అవి తేల్చాయి. చిన్న చిన్న మాటలతో, జాగ్రత్తగా, ఒకే తీరులో రాసే ఇంగ్లీషు వాటి కంటికి యంత్రం రాతలా కనిపిస్తుంది. మన పిల్లలు రాసేదీ అట్లాంటి ఇంగ్లీషే కదా! నిజాయితీగా రాసిన పిల్ల మీద ఆ నింద పడితే ఆ పిల్ల జన్మలో మళ్ళీ కలం పట్టదు. నీ అనుమానం తీరాలంటే క్లాసులోనే అరగంట కూర్చోబెట్టి రాయించు, చిత్తుప్రతి అడుగు, పక్కన కూర్చోబెట్టి మాట్లాడు. ఎక్కడ ఆ యంత్రం సాయం తీసుకోవచ్చో, ఎక్కడ కూడదో ముందే చెప్పు. తెలియని ఇంగ్లీషు మాటకు అర్థం అడగడం వేరు, జవాబే రాయించుకోవడం వేరు. ఆ గీత నువ్వు గీయకపోతే వాళ్ళకు తోచినచోట వాళ్ళు గీసుకుంటారు.

కఠినంగా ఉంటేనే భయపడతారని మీ స్టాఫ్‌రూమ్‌లో కొందరు అంటారు. చట్టాలకు కొదవేం లేదు. మహారాష్ట్రలో పరీక్షల అక్రమాల మీద 1982 నుంచే చట్టం ఉంది. పది, పన్నెండు పరీక్షలకు ఏటా "కాపీముక్త్ అభియాన్" అంటారు, కేంద్రాల చుట్టూ జిరాక్స్ దుకాణాలు మూయిస్తారు. తెలంగాణలో మన చుట్టాల పిల్లలు రాసిన ఎంసెట్-2 గుర్తుందా? 2016 జులై 9న జరిగింది. ప్రశ్నపత్రం ముందే అమ్ముడుపోయిందని తేలి రద్దయింది. నిద్రమాని చదివిన పిల్లలు కూడా సెప్టెంబరు 11న మళ్ళీ రాయాల్సివచ్చింది. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ కూడా లీకు వల్లే మరుసటి మార్చిలో రద్దయింది. 2024లో నీట్ గొడవ నడుస్తుండగా కేంద్రం కొత్త చట్టం అమల్లోకి తెచ్చింది, జూన్ 21న. పేపరు అమ్మేవాళ్ళకు మూడు నుంచి ఐదేళ్ళ జైలు, ముఠాగా చేస్తే పదేళ్ళ దాకా. ఉండాల్సిన చట్టమే. కానీ అది దళారుల కోసం చేసిన చట్టం. దాని కింద పరీక్ష రాసే పిల్లల మీద కేసు ఉండదు, అది మీ సెమిస్టర్ పరీక్షలకు వర్తించదు. నీ గదిలో జరిగేదాన్ని నువ్వే సరిచేసుకోవాలి.

అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డొనాల్డ్ మెక్‌కేబ్ దశాబ్దాల పాటు విద్యార్థులను ఇదే విషయం అడుగుతూ పోయాడు. లిండా ట్రెవినోతో కలిసి 1993లో అచ్చువేసిన పరిశోధనలో అన్నింటికన్నా బలంగా కనబడిన కారణం, తోటివాళ్ళు చేస్తున్నారన్న నమ్మకం. "అందరూ చేస్తున్నారు, నేనొక్కణ్ణే ఎందుకు నష్టపోవాలి" అన్న మాట ఉంది చూడు, అది మన అశోక్ చౌక్‌లోనూ వినిపిస్తుంది. అందుకే నిజాయితీగా రాసే పిల్లల పక్షాన నువ్వు నిలబడాలి. జాలిపడి ఒకణ్ణి వదిలేసిన ప్రతిసారీ, రాత్రంతా బీడీలు చుట్టి మరీ చదువుకొచ్చిన పిల్లకు అన్యాయం చేసినట్టే. ఆ పిల్ల ఏమీ అనదు. కానీ చూస్తూనే ఉంటుంది.

ఇక నువ్వడిగిన పట్టుకోవడం. పరీక్ష గదిలో నీ ఫోను తీయకు, కుర్చీలో కూర్చోకు, నెమ్మదిగా తిరుగుతూ ఉండు. ప్రశ్నపత్రం రెండు రకాలుగా చెయ్యి. చిట్టీ దొరికితే అరవకు, చెయ్యి చేసుకోకు, పదిమందిలో పేరెత్తకు. చిట్టీ తీసుకొని, సమయం రాసుకొని, నియమం ప్రకారం ఇవ్వాల్సినవాళ్ళకు రిపోర్టు ఇవ్వు. పిల్ల తన వైపు మాట చెప్పుకునే అవకాశం ఇవ్వు. ఆ రోజు ఆ పిల్లను ఒంటరిగా ఇంటికి పంపకు. పట్టుబడిన అవమానంతో ప్రాణం తీసుకున్న పిల్లల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. అమ్మనో నాయిననో పిలిపించి, వాళ్ళ ముందు కూడా గొంతు పెంచకుండా చెప్పు. "తప్పు చేసింది, శిక్ష ఉంటుంది, చదువు మాత్రం ఆగదు" అన్న మాట నీ నోట వాళ్ళు వినాలి.

తర్వాత ఫోన్లు వస్తాయి. కార్పొరేటర్ మనిషి మాట్లాడతాడు. సంఘం పెద్ద మాట్లాడతాడు. "మన పద్మశాలి పిల్లగాడే కదమ్మా, చూసీచూడనట్టు పో" అంటాడు. రేపు నీ చెల్లెలి పెళ్ళిలో పీటల దగ్గర కూర్చునేది వాళ్ళే, నాకు తెలుసు. మర్యాదగా విను, "రిపోర్టు పోయిందండీ, నా చేతిలో ఏం లేదు" అను. అందుకే రిపోర్టు అదే రోజు పంపమంటున్నాను. ఒక్కసారి ఒక్కరికోసం వెనక్కి తీసుకున్నావా, ఈ పేటలో ఆ సంగతి సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది.

చివరిది నీ గురించి. నువ్వు పీహెచ్‌డీకి నమోదు చేసుకోవాలనుకుంటున్నావు. ప్రమోషన్‌కు పరిశోధన పత్రాలు కావాలి. డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికలు ఎన్నో ఉన్నాయి, థీసిస్ రాసిచ్చే దుకాణాలూ ఉన్నాయి. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక పదిశాతం దాటితే మళ్ళీ రాయాలి, నలభై దాటితే ఏడాది ఆగాలి, అరవై దాటితే నమోదే రద్దు. పంతుళ్ళకూ అందులో శిక్షలున్నాయి. అంకెల సంగతి పక్కనపెట్టు. సాఫ్ట్‌వేర్‌కు దొరకకుండా మాటలు అటూ ఇటూ మార్చడం నేర్పేవాళ్ళు నీ చుట్టూ ఉంటారు, వాళ్ళ జోలికి పోకు. ఆలస్యమైనా నీ పత్రం నువ్వే రాసుకో. క్లాసులో పాఠం చెప్పేటప్పుడు కూడా "ఈ ఉదాహరణ ఫలానా వాళ్ళ పుస్తకంలోది" అని చెప్పు. కంచే చేను మేసే కాలేజీల్లో ఏ చట్టమూ పనిచేయదు.

మొత్తం ఒకేసారి చేయమనడం లేదు. వచ్చే నెల అసైన్‌మెంట్ ఒక్కటి మార్చు. చద్దరు లెక్క అడుగు, రెండు పేజీలే రాయమను, అన్నీ చదివి ప్రతి కాగితం మీద నీ చేత్తో ఒక వాక్యం రాసి తిరిగివ్వు. ఎవరేం రాశారో ఆదివారం ఇంటికొచ్చి నాకు చెప్పు. నూలు లెక్కల్లో అనుమానం ఉంటే ఆ కాగితాలు కూడా తీసుకురా, కూర్చొని చూద్దాం.